ఆషాఢంలో వచ్చిన తద్దినం

మామూలు మూర్ఖుడికి పక్కనున్నవాళ్లు నాలుగు చీవాట్లు పెడితే బుద్ధి వస్తుంది. నా మూర్ఖత్వం రెండు సన్న బ్యాటరీల మీద నడిచేది. వారాల తరబడి ఆగేది కాదు.

2000 నాటి మాట. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కంప్యూటర్లు మొరాయిస్తే చూసే ఉద్యోగం నాది. అమెరికా వెళ్లొచ్చిన ప్రతి పెద్దమనిషీ చొక్కా జేబులో పామ్ పైలట్ అనే ఒక బుల్లి డైరీ యంత్రంతో విమానం దిగేవాడు. మర్నాడు పొద్దున్నే నాకు కబురు. 'సింక్ అవట్లేదయ్యా' అనేవాళ్లు. వెళ్లి చూస్తే పామ్‌ని నిలబెట్టే క్రేడిల్ వైరు కంప్యూటర్ వెనక ఊడిపోయి ఉండేది. నేను వెంటనే గుచ్చేసేవాణ్ని కాదు. కాసేపు నుదురు చిట్లించి, స్క్రీన్ వంక చూసి, అప్పుడు గుచ్చేవాణ్ని. పామ్ బిగుసుకుపోతే వీపు మీదున్న చిన్న కంతలో పిన్నుతో పొడవాలి, అంతే. ఆ పొడిచేటప్పుడు కూడా గుండె ఆపరేషన్ చేసే డాక్టరు మొహం పెట్టేవాణ్ని.

అన్నిటికన్నా నా తలకెక్కింది గ్రాఫిటీ. పామ్ మీద మనిష్టం వచ్చినట్టు రాస్తే కుదరదు, దాని లిపి మనం నేర్చుకోవాలి. 'ఏ' రాయాలంటే అడ్డగీత లేకుండా 'వి'ని తిరగేసి గీయాలి. 'టి' అంటే పైన అడ్డంగా గీసుకుంటూ వెళ్లి కుడి చివర కిందికి దించాలి. యాభై దాటిన డైరెక్టర్ల చేత ఇది దిద్దించేవాణ్ని. మధ్యమధ్యలో జెఫ్ హాకిన్స్ కథ చెప్పేవాణ్ని. పామ్‌కి ప్రాణం పోసిన ఆ మహానుభావుడు, యంత్రం పుట్టకముందే అదే సైజులో ఒక చెక్కముక్క కోసుకుని జేబులో వేసుకు తిరిగాడట. ఎవరన్నా ఫలానా రోజు ఖాళీయేనా అంటే దాన్ని బయటికి తీసి, చూసుకుంటున్నట్టు నటించేవాడట. కథ విని డైరెక్టర్లు తల ఊపేవాళ్లు. నేను గురువునైపోయాననుకున్నాను.

మా డైరెక్టరుగారు పామ్ ఫైవ్ కొనుక్కుని, పాత పామ్ త్రీ నాకిచ్చేశారు. ఇక నా బతుకంతా దానికెక్కించడం మొదలుపెట్టాను. అడ్రస్ బుక్కులో బంధువుల పేర్లు సగం ఇంటిపేరుతో ఎక్కించాను, సగం అసలు పేరుతో. దరిమిలా మేనమామ నెంబరు కావలసొస్తే మా అమ్మకి ఫోన్ చేసి అడిగేవాణ్ని. వర్గాలుగా విడగొట్టబోతే అన్‌ఫైల్డ్ కాక పదిహేనే ఇస్తానంది యంత్రం. అమ్మవైపు, నాన్నవైపు, వియ్యాలవారు, మాట్లాడుకోనివారు అంటూ విడదీసేసరికి అవి చాల్లేదు. పనుల జాబితాలో ఒకటి నుంచి ఐదు దాకా ప్రాధాన్యం ఇవ్వొచ్చు. నేను అన్నిటికీ ఒకటే ఇచ్చాను. 'బ్యాటరీలు కొనాలి' అన్నదానికీ ఒకటే.

ఇవన్నీ చిల్లర తప్పులు. అసలుది డేట్ బుక్కులో చేశాను.

ఏదైనా రోజు నమోదు చేసి 'ప్రతి ఏడూ' అని నొక్కితే చాలు, 2031 దాకా ఏటేటా అదే తేదీన గంట కొట్టి గుర్తుచేస్తుంది. సంక్రాంతి పెట్టాను. 2001 జనవరి 14న టింగుమంది. దాంతో నమ్మకం కుదిరింది. పెళ్లిరోజులు, పుట్టినరోజులు, ఉగాది, వినాయక చవితి అన్నీ 'ప్రతి ఏడూ'కి తోసేశాను. డైరెక్టర్లందరి పామ్‌లలోనూ పండగలు నేనే ఎక్కించి దణ్ణాలు పెట్టించుకున్నాను. ఆ వరసలోనే నాన్న తద్దినం కూడా పెట్టాను. నాన్న పోయింది 2000 ఆగస్టులో, శ్రావణ బహుళ పంచమి నాడు. తిథి నాకు తెలుసు. దాని పక్కనున్న ఇంగ్లీషు తేదీని యంత్రానికిచ్చాను. యంత్రం పుచ్చుకుంది.

2001 ఆగస్టులో ఒకరోజు డైరెక్టరుగారి గదిలో క్రేడిల్ ముందు కూర్చుని ఉండగా అన్నయ్య ఫోన్. "ఎక్కడున్నావురా? భోక్తలొచ్చి కూర్చున్నారు." నేను పామ్ తీసి చూసుకుని, "ఇంకా పదకొండు రోజులుంది కదా అన్నయ్యా" అన్నాను. అవతల కాసేపు మాటలేదు. తర్వాత మంత్రాలు వినపడ్డాయి, ఫోన్ పెట్టేశాడు.

సిగ్గుపడి ఊరుకుంటే పోయేది. నేను లెక్క తీశాను. చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులు, ఇంగ్లీషు క్యాలెండరుకి 365. తేడా పదకొండు. తప్పెక్కడుందో దొరికిందనుకుని, ఎగిరి గంతేసి, నాన్న తద్దినాన్ని ఏటా పదకొండేసి రోజులు ముందుకి జరుపుకుంటూ 2031 దాకా కూర్చుని ఎక్కించాను. ఆ ఆదివారం ఇంట్లో వాళ్లు సినిమాకి పోదామంటే రానన్నాను. అమ్మని ఒక్కమాట అడగొచ్చు. అడగలేదు. వంటింటి గోడకి మేకుకి వేలాడే పంచాంగం చూడొచ్చు. అది కాగితం గదా అని చూడలేదు.

ఆ పదకొండు రోజుల బాకీ తీర్చడానికే అధికమాసం ఉందని నాకు తట్టలేదు. రెండేళ్ల ఎనిమిది నెలలకోసారి అటూ ఇటూగా ఒక నెల అదనంగా వచ్చి లెక్క సరిచేస్తుంది. లేకపోతే సంక్రాంతి చలిలో దసరా చేసుకుంటాం. అదీ ఎక్కడో పుస్తకాల్లో లేదు, సరిగ్గా ఆ ఏడే వచ్చింది. వృష నామ సంవత్సరంలో ఆశ్వయుజం రెండుసార్లు వచ్చింది. 2000లో అక్టోబరు 7న అయిపోయిన దసరా 2001లో 26 దాకా జరిగింది. ఆ దసరాకి నేను సెలవు పెట్టుకుని ఇంట్లో గారెలు తిన్నాను. పండగ ఇంత ఆలస్యమైందేమిటని ఒక్క గారె మధ్యలోనైనా ఆలోచించలేదు.

2002 జూలై ఆఖరున పామ్ టింగుమంది. ఈసారి నలుగురికన్నా ముందుండాలని డైరెక్టరుగారితో నాన్న తద్దినమని చెప్పి, సెలవు తీసుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తెల్లవారుజామున సామర్లకోటలో దిగి, బస్సు పట్టుకుని ఇల్లు చేరాను. అమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. అన్నయ్య పొలానికి పోయాడు. ఇంట్లో మడి లేదు, పొయ్యి మీద పులుసు లేదు.

"ఏరా, చెప్పాపెట్టకుండా వచ్చావు? ఒంట్లో బాగుందా?" అంది.

"ఇవాళ నాన్న తద్దినం కదమ్మా."

అమ్మ చింతపండు పక్కన పెట్టి లోపలికెళ్లి, మేకు నుంచి పంచాంగం తీసుకొచ్చి, కళ్లజోడు సర్దుకుని వేలు పెట్టి చూపించింది. బహుళ పంచమే. కానీ ఆషాఢ బహుళ పంచమి. "తిథి బాగానే కుదిర్చావు నాన్నా, నెలే తప్పింది" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. జేబులో ఉన్నది ఏమిటని అడిగింది. చూపించాను. అటూ ఇటూ తిప్పి, "దీనికి అమావాస్య తెలుసా?" అంది. తెలీదన్నాను. "మరెందుకురా?" అని వెనక్కిచ్చేసి, చింతపండు నా ముందుకి తోసింది. సాయంత్రం దాకా గింజలు తీశాను.

నెల తిరిగేసరికి అసలు తద్దినం వచ్చింది. మళ్లీ డైరెక్టరుగారి గదిలోకి వెళ్లాను, చేతులు నలుపుకుంటూ. నాన్నగారి తద్దినం సార్, రెండు రోజులు సెలవు కావాలి అన్నాను. ఆయన నా వంక చూసి, జేబులోంచి పామ్ తీసి, స్టైలస్‌తో ఆగస్టు నుంచి జూలైకి జరిగారు.

"మీ నాన్నగారిది పోయిన నెలే అయిపోయిందిగా. ఇదిగో" అని స్క్రీన్ నా వైపు తిప్పారు. నేను దిద్దించిన గ్రాఫిటీతో, ఎక్కడా ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసి ఉంది.

"అలాంటివి మర్చిపోకూడదని ఆ రోజే రాసుకున్నానయ్యా. నువ్వు చెప్పినట్టే, ప్రతి ఏడూ వచ్చేట్టు పెట్టాను."