జీరో పాయింట్

కండలేరులో వదిలిన కృష్ణ నీళ్లు ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెడతాయి. ఆ చోటికి జీరో పాయింట్ అని పేరు. మా వెంగల్‌కు తాలూకా ఊత్తుకోటే కాబట్టి ఆ నీళ్ల లెక్క మా ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చునే ఎవరికైనా నోటికి వచ్చు. మహారాష్ట్ర 5, కర్ణాటక 5, ఆంధ్ర 5, మొత్తం 15 టీఎంసీలు. మద్రాసు చేతికి అందాల్సింది 12. మిగిలిన 3 దారిలో ఎండకి ఆవిరైపోతాయనీ, నేలలో ఇంకిపోతాయనీ ఒప్పందంలోనే రాసుకున్నారు. పోయేది ఎంతో ముందే చెప్పారు గనక ఎవరికీ బాధ లేదు.

మా మేనకోడలి డిగ్రీ కూడా ఆ దారినే వచ్చింది. ఎంత ఆవిరవుతుందో మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు.

మా బావకి శ్రీసిటీలో ఉద్యోగం. అక్కావాళ్లు సత్యవేడు వైపు కాపురం. పాప ఆ పక్కనే ఒక కాలేజీలో బీఎస్సీ మొదటి ఏడాది ముగించింది. అంతలో బావకి శ్రీపెరంబుదూరుకు బదిలీ అయింది. సోమవారం ఆర్డరు, బుధవారం రిలీవింగ్, గురువారం సామాన్లతో సహా మా ఇంట్లో దిగారు. బీరువా వచ్చింది, గ్రైండరు వచ్చింది, తులసికోట కూడా వచ్చింది. పాప చదివిన ఏడాది మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోయింది.

"ఏం భయం లేదు, అది నాకు వదిలేయండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు కారణముంది. ముప్పై ఏళ్లు బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయినవాణ్ని. 2021 జులైలో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని ఒకటి పెట్టిందని పేపర్లో చదివి దాచుకున్నాను కూడా. విద్యార్థికి 12 అంకెల నంబరు ఇస్తారు. చదివిన పాఠాలకు వచ్చిన క్రెడిట్లు ఖాతాలో జమ అవుతాయి. కాలేజీ మారితే వాటిని కొత్త చోటికి మార్చుకోవచ్చు, ఏడేళ్ల దాకా చెల్లుబాటు. బ్యాంకు, ఖాతా, జమ, బదిలీ. నాకు తెలిసిన విద్యంతా ఈ నాలుగు మాటల్లోనే ఉంది. ఫోన్లో డిజిలాకర్ తెరిచి చూస్తే పాప ఖాతాలో 42 క్రెడిట్లు మిలమిలా మెరుస్తున్నాయి.

తిరువళ్లూరులో లోకల్ రైలెక్కి చెన్నైలో ఒక విశ్వవిద్యాలయానికి వెళ్లాం. పేరు చెప్పను. పాప ఇంకా రెండేళ్లు అక్కడే చదవాలి.

కౌంటర్లో ఉన్న మేడం నా ఫోను వంక చూసి, "ఇది సరే సార్, కాగితాలేవీ?" అంది. టీసీ, మైగ్రేషన్, మార్కుల జాబితా జెన్యూనే అని అక్కడివాళ్లు రాసిచ్చిన పత్రం, ప్రతి పేజీకీ అటెస్టేషన్ ఉన్న సిలబస్, ఆపైన ఈక్వివలెన్స్‌కి అర్జీ, ఫీజు. ఆ కాగితాలన్నీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ చూసి ఎన్ని చెల్లుతాయో తేలుస్తుందట. అప్పుడు అర్థమైంది నాకు. ఈ బ్యాంకు ఎంతయినా జమ చేసుకుంటుంది. చెల్లించేదీ లేనిదీ పక్క బ్యాంకు ఇష్టం. ఇలాంటి బ్యాంకులో కదా నేను క్యాషియరుగా చేయాల్సింది, సాయంత్రం లెక్క తేలలేదని ఏడ్చే పనే ఉండేది కాదు.

మొదటి అడ్డు పేరు దగ్గర పడింది. పాప పుట్టింది మా ఇంట్లో కాబట్టి ఆధార్ వెంగల్‌లోనే తీయించాం. తమిళనాడు పద్ధతిలో నాన్న పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్‌గా పడింది. ఆంధ్రా కాలేజీ వాళ్లు వాళ్ల పద్ధతిలో ఇంటిపేరు పెట్టారు. దాంతో ఒక కాగితంలో ఎం, ఇంకో కాగితంలో కె. "ఈ ఇద్దరిలో ఎవరు ట్రాన్స్‌ఫర్ అడుగుతున్నారు?" అని మేడం నిజంగానే అడిగింది. ఆ ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర స్టాంపు కాగితం మీద రాయించి తెమ్మంది. రాయించాం. పాప దాన్ని రైల్లో చదువుకుంటూ, "మామా, ఇక నేను ఒక్కదాన్నే అని గవర్నమెంటు ఒప్పుకున్నట్టేనా?" అంది.

రెండోసారి పోయినప్పుడు సిలబస్ పంచాయితీ. లెక్కలూ ఫిజిక్సూ పెద్ద గొడవ లేకుండా దాటాయి. న్యూటన్‌కి రెండు రాష్ట్రాల్లోనూ పలుకుబడి ఉంది. చిక్కంతా తెలుగుతోనే. అక్కడ సెకండ్ లాంగ్వేజ్‌గా మొదటి ఏడాది తెలుగు చదివింది. ఇక్కడ కూడా పార్ట్ వన్ కింద తెలుగు తీసుకోవచ్చు. ఒకే భాష కదా అని ధీమాగా ఉన్నాను. అయితే అక్కడ నన్నయ మొదటి సెమిస్టర్లో, ఇక్కడ రెండో ఏడాదిలో. అక్కడి పుస్తకంలో ఉన్న కథ ఇక్కడ లేదు, ఇక్కడి వ్యాసం అక్కడ లేదు.

"మేడం, నన్నయ ఈ రెండు రాష్ట్రాలకంటే ముందువాడు" అన్నాను.

"ఉండొచ్చు సార్, ఆయన ఇక్కడ ఫస్ట్ ఇయర్లో లేరు" అంది.

తెలుగు 6 క్రెడిట్లు అట్లా పోయాయి. పైగా బళ్లో తమిళం చదవలేదు గనక పార్ట్ ఫోర్ కింద బేసిక్ తమిళం రాయాలన్నారు. ఆ మాట విన్నప్పుడు పాప కోయంబేడులో పూలవాడితో నలభై రూపాయల మూరని ఇరవై ఐదుకి దించిన తమిళం నాకు గుర్తుకొచ్చింది. అంత తమిళం వచ్చినవాళ్లకి డాక్టరేటు ఇవ్వాలి. కాని బేరం మౌఖికం, పరీక్ష లిఖితం.

తర్వాత స్కిల్ కోర్సు ఒకటి. ఆంధ్రాలో మొక్కల నర్సరీ మీద చదివింది, 2 క్రెడిట్లు. మేడం పక్క సీటాయన జాబితా చూసి, "నర్సరీకి కూడా క్రెడిట్ అడుగుతారా? ఎల్‌కేజీది తేలేదా?" అన్నాడు. నిజంగా అడిగాడో నవ్వించడానికి అన్నాడో ఇప్పటికీ తేలలేదు. క్రెడిట్లు మాత్రం రాలేదు.

చివరిది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఆంధ్రాలో మొదటి ఏడాది సెలవుల్లో 180 గంటలు ఊళ్లోకి పోయి పనిచేయాలి, దానికి 4 క్రెడిట్లు. పాప సత్యవేడు దగ్గర ఒక పల్లెలో ఇంటింటికీ తిరిగి తాగునీళ్ల సర్వే చేసింది. ఎండకి ముఖం కమిలి నెల రోజులు తేరుకోలేదు. ఇక్కడ అట్లాంటి సేవంతా ఎక్స్‌టెన్షన్ కింద 1 క్రెడిట్. నాలుగుకి ఒకటి పడింది.

బోర్డువాళ్ల నిర్ణయం కోసం వరండాలో బెంచీ మీద కూర్చుంటే ఎక్కడెక్కడి ఆలోచనలో వస్తాయి. ఈ క్రెడిట్ల పిచ్చికి మూలం ఎక్కడో తెలుసా? అమెరికాలో 1905లో కార్నెగీ అనే కోటీశ్వరుడి డబ్బుతో ప్రొఫెసర్లకి పెన్షన్లు ఇద్దామనుకున్నారు. ఏ కాలేజీ అసలు కాలేజీయో తేల్చడానికి పిల్లలు బళ్లో ఒక్కో సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారో కొలవడం మొదలుపెట్టారు. అంటే పంతుళ్ల పెన్షన్ లెక్క ముదిరి పిల్లల నెత్తికెక్కింది. పెన్షన్ తీసుకుంటున్నవాణ్ని కాబట్టి దీని గురించి ఎక్కువ మాట్లాడను.

మా జిల్లావాడే సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా చదువుకునే రోజుల్లో కాలేజీ మారాడు. తిరుత్తణిలో పుట్టి, తిరుపతిలో చదివి, వెల్లూరు వూర్హీస్ కాలేజీలో చేరి, అక్కణ్నించి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వచ్చాడు. ఆయన వేదాంతం జోలికి ఎందుకు పోయాడా అని అనుకునేవాణ్ని. బెంచీ మీద మూడోరోజు కూర్చున్నాక అది కూడా అర్థమవుతుంది.

ఆ తిరుత్తణి సంగతే చూడండి. 1960 ఏప్రిల్ 1న (తేదీ చూసి నవ్వకండి) చిత్తూరు జిల్లా నుంచి తీసి మద్రాసు రాష్ట్రంలో కలిపారు. బదులుగా ఇటు నుంచి సత్యవేడు అటు పోయింది. కొండా గుడీ చెరువులూ జనమూ, అన్నీ రాత్రికి రాత్రి రాష్ట్రం మారాయి. మైగ్రేషన్ సర్టిఫికెట్ ఏదని సుబ్రహ్మణ్యస్వామిని ఎవరూ అడగలేదు.

లోపలినుంచి కాగితం వచ్చింది. 42కి 31. బావ వేళ్లమీద లెక్క వేశాడు. "నీళ్లు ఐదింటికి ఒకటి పోతాయి రా. మన పిల్లకి నాలుగింటికి ఒకటి పైనే పోయింది." కృష్ణ కాలువకైనా సత్యసాయి ట్రస్టువాళ్లు లైనింగ్ వేయించి నష్టం తగ్గించారు. ఈ కాలువకి సిమెంటు ఎవరు పోస్తారో.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాం. ఆమెకు అర్థమైంది ఒక్కటే, మనవరాలి సొమ్ము ఎక్కడో ఇరుక్కుంది.

"ఆ పదకొండూ పోయినట్టేనా?"

"పోలేదవ్వా, బ్యాంకులోనే ఉంటాయి. ఏడేళ్లలో ఎప్పుడైనా వాడుకోవచ్చంట."

"ఏడేళ్లా? పోనీలే" అంది అమ్మ, "ఏలినాటి శనికంటే ఆర్నెల్లు తక్కువే."

పాప ఇప్పుడు రోజూ రాత్రి భోజనాలయ్యాక బేసిక్ తమిళం నోటుబుక్కు ముందేసుకుంటుంది. మొన్న అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ తలెత్తింది. "మామా, మన క, ఖ, గ, ఘ నాలుగింటికీ వీళ్లకి ఒకటే అక్షరం."

"అవును, తెలుసు కదా."

"అంటే ఇక్కడ అక్షరాలక్కూడా నాలుగు తెస్తే ఒకటే ఇస్తారు" అని మళ్లీ దిద్దుకోవడం మొదలుపెట్టింది.