పెయింట్ బకెట్‌లో చెరుకు తోట

చందూర్‌లో ఉంటూ బకెట్లలో కూర పెంచుతున్నానంటే ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్లు జాలిపడతారు. ఊరు దాటితే చాలు, నిజాంసాగర్ కాలువ కింద కంటికి ఆనినంత మేర వరి. మాకున్న భూమి మాత్రం మెట్ల పక్క బండలు పరిచిన జాగా. అందులో ఖాళీ పెయింట్ బకెట్లు, అడుగున బొక్కలు కొట్టి. "పట్నపోళ్ల పనులు మనకెందుకురా, అడిగితే ఎవరన్న ఇంత కూర ఇయ్యరా?" అని మా అమ్మ బాధ.

ఇదంతా మా బిడ్డ వల్ల. ఒకటో తరగతి. చాయలో బిస్కెట్ ముంచుతూ "చక్కెర ఏ చెట్టుకు కాస్తది డాడీ?" అంది. బోధన్ పక్కన పుట్టిన పిల్ల అడగాల్సిన మాటేనా అది! నిజాం కాలంలో, 1937లో పెట్టిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీని ఆసియాలోనే పెద్దదని చెప్పుకుని మురిసిన నేల ఇది. చెరుకు బండి వెనక ఉరికి గడ గుంజుకోని పిల్లాడు మా రోజుల్లో లేడు. దాన్ని దొంగతనమని ఎవరూ అనలేదు, బండాయన తప్ప. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటికి ఈ పిల్ల పుట్టనే లేదు.

సరే, బకెట్‌లోనే చెరుకు పెంచి చూపిద్దామనుకున్నాను. దానికంటే ముందు, చేయి తిరగడానికని మెంతులు చల్లాం. మెంతులు మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తుతాయి, వాటిని మన్నులో ఉండనిస్తే. ఈమె పొద్దుకోసారి తవ్వి "లేచిందా?" అని చూసి మళ్లీ పండబెట్టేది. ఎట్లాగో బతికి పచ్చబడ్డాక కోతుల మంద వచ్చింది. తిననన్నా తినలేదు. ఒక్కొక్కటీ పీకి, వేరు చూసి, పడేసి పోయాయి. అచ్చం మనుమరాలు చేసినట్టే చేశాయి కనుక ఎవరిని తిట్టాలో మా అమ్మకు తేలలేదు.

చెరుకు విత్తనం కోసం జూస్ బండి దగ్గరికి పోయాం. ఆయన గడలన్నీ నున్నగా గీకి పెట్టుకున్నాడు, మొలక వచ్చే కన్ను మిగల్లేదు. గీకని గడ కొస అడిగితే అనుమానంగా చూసి, గ్లాసు జూస్ ధర తీసుకుని ఇచ్చాడు. మూడు కండ్ల ముచ్చె కోశాను. కండ్లు పక్కలకు వచ్చేటట్టు పడుకోబెట్టి మన్ను కప్పాలి. బిడ్డ నా చేయి పట్టుకుంది. "కండ్లల్ల మన్ను వడితే మండదా?" వ్యవసాయ శాస్త్రం చదివినవాళ్లు దీనికేం చెప్తారో గానీ, నేనైతే "మూసుకుంటది బిడ్డా" అన్నాను.

మొలిచింది. ఇప్పుడు దాని ఆకులకు మా అమ్మ కొంగు చిక్కుతోంది, రోజూ ఒక తిట్టు తింటోంది. గడ ముదరడానికి ఏడాది కావాలి. ఈలోగా ఇంట్లో లెక్కలు మొదలయ్యాయి. టన్ను చెరుకుకు సుమారు క్వింటాలు చక్కెర వస్తుంది, అంటే కిలో గడకు వంద గ్రాములు. మా అమ్మ చాయకు రెండు రోజులు చాలదు. అమ్ముకుందామంటే 2025-26కు కేంద్రం కట్టిన ధర క్వింటాలుకు 355 రూపాయలు. మా కిలో గడకు మూడున్నర.

"జూస్ తాత మన దగ్గర ఇరవై తీసుకుండు కదా?" అంది బిడ్డ.

"అవును."

"అయితే ఫ్యాక్టరీ తెరిచినా ఇయ్యొద్దు. బండి కొను డాడీ."