ఆర్నెల్ల ఆపతి పైసలు

నారాయణఖేడ్ బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో ఒకాయన ఫోనులో వీడియో చూస్తున్నాడు. వీడియోలో ఒక సారు. మెడకు టై, వెనక గోడకు పచ్చటి తీగ, మొహం నిండా ఎన్నడూ ఎవరి ముందూ చేయి చాపని ప్రశాంతత. "ప్రతి కుటుంబం దగ్గరా కనీసం ఆర్నెల్ల ఖర్చులకు సరిపడా ఎమర్జెన్సీ ఫండ్ ఉండి తీరాలి. ఊహించని ఖర్చులు చెప్పి రావు" అంటున్నాడు. హోటల్లో ఉన్న నలుగురం భక్తిగా తలూపాం. అందులో ఇద్దరు చాయ్ పైసలు ఖాతాలో రాసుకొమ్మని చెప్పి లేచిపోయారు.

ఎమర్జెన్సీ ఫండ్ అన్న పేరు మాకు కొత్త గానీ సరుకు కొత్తది కాదు. ఆపతి పైసలంటాం. ఆపతికీ సంపతికీ అక్కరకొచ్చేవి. మాట తాతల నాటి నుంచి ఉంది. పైసలే ఇంకా రాలేదు.

అయినా సారును కాదనగలమా? టై కట్టినవాడు లెక్క తప్పడు. మనమే వేసి చూద్దాం. కేంద్రం చేయించిన వినియోగ వ్యయ సర్వేలో 2023-24కు తెలంగాణ పల్లెల్లో మనిషి నెల ఖర్చు సగటున 5,435 రూపాయలని తేలింది. నలుగురున్న ఇంటికి 21,740. ఆర్నెల్లకు 1,30,440. మరి సంపాదన? 2025-26కు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. 425 రోజుల కూలిని ముట్టకుండా మూట కడితే ఫండ్ తయారు. అప్పటి లెక్కన ఏడాదికి వంద రోజుల పని చొప్పున నాలుగేళ్ల పైచిలుకు. ఈలోగా ఆ మూటలోంచి ఉప్పు కూడా కొనకూడదు, ఎవరికీ జ్వరం తగలకూడదు, పిల్ల పెద్దమనిషి కాకూడదు. ఎమర్జెన్సీ ఫండ్ జమయ్యేదాకా ఎమర్జెన్సీలే కాస్త ఓపిక పట్టాలి.

"రాబడిలో ఇరవై శాతం దాచండి, రోజూ తాగే కాఫీ ఒకటి తగ్గించుకోండి" అని కూడా సెలవిచ్చారు సారు. ఆ వీడియో చూస్తున్నాయన చేతిలో ఉన్నది వన్ బై టూ చాయ్. దాన్ని వన్ బై ఫోర్ చేసుకోవాలన్నమాట.

అసలు నాకు నచ్చింది ఆ "ఊహించని ఖర్చు" అన్న మాట. కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద తండాల్లో నిలబడి ఆ మాటంటే జనం నవ్వుతారు. వానాకాలం జ్వరాలొస్తాయని ఎవరికి తెలియదు? ఎండలు ముదిరితే బోరు ఎండుతుందనీ, కంది పూతకొచ్చినప్పుడు పురుగు పడుతుందనీ, బిడ్డ పుట్టిన పద్దెనిమిదేళ్లకు కట్నం సంగతి గుమ్మంలో నిలబడుతుందనీ పంచాంగం చూడకుండానే చెప్తారు. ఖర్చులన్నీ ఊహించినవే. ఊహించనిది ఎప్పుడన్నా వస్తే అది డబ్బే. 2018 మేలో రైతుబంధు కింద ఎకరాకు 4,000 చెక్కు చేతికొచ్చినప్పుడు జనం నిజంగా ఉలిక్కిపడ్డారు. భూమి లేనివాళ్లకు ఆ ఉలికిపాటు కూడా దక్కలేదు.

ఆస్పత్రి ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. ఉంది. 2023 డిసెంబరు నుంచి పది లక్షల దాకా చూసుకుంటామన్నారు. మంచిదే, పథకాన్ని నేనేమీ అనను. కానీ "ఇక్కడ కాదు, పట్నం తీస్కపోండ్రి" అనే మాటకూ, పట్నానికీ నడుమ వంద కిలోమీటర్ల పైమాట దారి ఉంది. పోయేటప్పుడు 108 ఎక్కించుకుంటుంది. వచ్చేటప్పుడు? మంచం పక్కన కూచున్న మనిషి కూలి పోయిందాయె. జాబితాలో లేని పరీక్ష ఒకటి, బయట కొనుక్కురమ్మన్న మందు ఒకటి. గుండెకు పది లక్షలిచ్చే సర్కారు ఆ గుండె పక్కన వారం రోజులు నేల మీద పడుకున్న పెండ్లానికి రెండు ఇడ్లీలివ్వదు. ఊరి జనం మిత్తికి తెచ్చేది ఆపరేషన్ కోసం కాదు, ఆ ఇడ్లీల కోసం.

తండాలో ఫండే లేదనుకునేరు. ఉంది, నాలుగు కాళ్ల మీద మేస్తూ ఉంటుంది. మేకకు పాన్ కార్డు అక్కర్లేదు, కేవైసీ అడగదు, కనీస నిల్వ లేదని జరిమానా వేయదు, ఏడాదికో ఈత వడ్డీ ఇస్తుంది. ఇంత చక్కటి పథకాన్ని ఏ బ్యాంకూ ఎందుకు తేలేదో తెలియదు. తంటా ఎక్కడంటే, ఆపతి వచ్చినప్పుడు అమ్మబోతే అంగడిలో బేరగాడు మేక పళ్లు చూడడు, ముందు నీ మొహం చూస్తాడు. పిల్లగానికి సుస్తీగా ఉందని ఆ మొహంలో రాసి ఉంటే ధర అక్కడే సగానికి దిగుతుంది. ఊరందరికీ ఒకేసారి ఆపతి వచ్చిన ఏడు, అంటే వాన ఎగ్గొట్టిన ఏడు, అంగడి నిండా మేకలే, కొనేవాడు ఒక్కడే. సారు భాషలో దీన్నే మార్కెట్ అంటారు కాబోలు.

మేక తర్వాత పుస్తెలతాడు. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు బంగారం తాకట్టుకు కొత్త నిబంధనలు రాసింది. రెండున్నర లక్షల లోపు అప్పయితే నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చట. మిగతా 15 శాతం మొగుడి పరువు కింద అట్టే పెట్టుకుంటారనుకుంటా.

2019 నాటి జాతీయ నమూనా సర్వే మాట కూడా చెప్పుకోవాలి. తెలంగాణ వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. మిగిలిన 8.3 శాతానికి ఇచ్చేవాడు దొరికి ఉండడు. సగటు అప్పు 1,52,113 రూపాయలు. పైన వేసిన ఆర్నెల్ల లెక్క 1,30,440 గుర్తుందా? ఏళ్లు వేరు, సర్వేలు వేరు, అయినా అంకెలు ఎంత దగ్గరి చుట్టాలో చూడండి. సారు చెప్పిన ఫండ్ మా ఇండ్లల్లో దాదాపు సరిగ్గా చెప్పినంతే ఉంది. ముందు ఒక చిన్న గీత ఉంది, మైనస్ అంటారు, అంతే.

ఆ గీతను పోషించేవాళ్లు ఒకరా ఇద్దరా! నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికిచ్చే సేటు పాతకాపు. ఏడాదికి 36 శాతమని ఆయన ఎన్నడూ అనడు, మూడే అంటాడు. మర్యాదస్తుడు. తర్వాత వారం వారం గుమ్మంలో కూచునే మైక్రో ఫైనాన్స్ వాళ్లొచ్చారు. ఆత్మహత్యల గోలతో 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాళ్లకు పగ్గం వేసింది. 2022లో రిజర్వు బ్యాంకు వడ్డీ మీది పరిమితి ఎత్తేసి, అప్పుల కంతులు ఇంటి ఆదాయంలో సగం దాటకూడదంది. సగం! ఏడాదికి మూడు లక్షల లోపు ఇంటికి! 2023 ఫిబ్రవరిలో హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీలకు మన పాత చట్టం వర్తించదని తేల్చింది. సగం కంతులకు పోవచ్చని పైవాళ్లు, ఇరవై శాతం దాచమని సారు. తిండి సంగతి మిగతా ముప్పై చూసుకుంటుంది.

పొదుపు తెలివి పేదవాళ్లకే లేదనుకుంటే అదీ పొరపాటు. అమెరికా కేంద్ర బ్యాంకు ఏటా అడుగుతుంది, అనుకోకుండా 400 డాలర్ల ఖర్చు పడితే చేతి డబ్బుతో కడతారా అని. 2024లో 63 శాతం కడతామన్నారు. తక్కిన 37 శాతం, డాలర్ల దేశంలో, మా హోటల్ గిరాకీల లాంటివాళ్లే. అంతదూరం ఎందుకు, రాష్ట్ర ప్రభుత్వాలకే నెలాఖరుకు చేయి ఆడకపోతే రిజర్వు బ్యాంకు దగ్గర చేబదులు తీసుకుంటాయి. దాని పేరు వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సు. మిత్తి రెపో రేటంత. ఆర్నెల్ల జీతాలు దాచుకున్నాకే పరిపాలన మొదలుపెట్టండని ఏ టై కట్టినాయనా సచివాలయం ముందు వీడియో తీయడు. సర్కారు తీస్కుంటే అడ్వాన్సు, సాధనం, ఉపాయం. తండా మనిషి తీస్కుంటే దుబారా.

అడ్వాన్సంటే గుర్తొచ్చింది. ఖేడ్‌లో ఆ మాటకు అర్థం చిన్నపిల్లలకూ తెలుసు. వానాకాలంలో, ఇంట్లో గింజ లేని రోజుల్లో, చెరుకు మేస్త్రి వచ్చి ఆలుమగలను ఒక జోడి కింద లెక్కగట్టి పైసలిచ్చి పోతాడు. పంట నరికే రోజులొచ్చాక లారీ వస్తుంది. జహీరాబాద్ వైపో, కర్ణాటకకో, మహారాష్ట్రకో. ఇంటికి తాళం, ముసలమ్మకు కాపలా, బడి పుస్తకాలకు సెలవు. టన్నుకింతని నరికి ఇచ్చిన పైసలు తీర్చాలి. తీరకపోతే మళ్లీ ఏటికి బాకీ.

వీడియో అయిపోయింది. చాయ్ గ్లాసు కింద పెట్టి ఆయన వేళ్లు మడిచి ఏదో లెక్క పెట్టుకున్నాడు. రెండుసార్లు పెట్టాడు.

"ఆర్నెల్లంటే దసరా నుంచి ఉగాది దాకనే కదా సారూ?"

అవునన్నాను.

"అట్లయితే మనకున్నయ్. మేస్త్రి కాడ జమున్నయ్."