ఒక చేప, రెండు సంపులు

ఎండాకాలం. హైదరాబాద్ అపార్ట్‌మెంటు కింద సంపు అడుగంటి, వాచ్‌మన్ ట్యాంకరు వాడికి ఫోన్ మీద ఫోన్ కొడుతుంటాడు. పైన మూడో అంతస్తు హాల్లో మాత్రం రెండు సంపులు కళకళలాడుతుంటాయి. నిండుకుండ తొణకదంటారు గానీ ఇవి తొణుకుతాయి, ఆ సంగతి కింది ఫ్లాటు వాళ్ల సీలింగు చెబుతుంది. ఈ వైభవమంతా ఒక్క ఫ్లవర్‌హార్న్ చేప కోసం. దాని నుదుటి బుడిపె పెరిగితే లక్ష్మీదేవి ఇంట్లోకి నడిచొస్తుందట. ప్రస్తుతానికి కరెంటు బిల్లు వచ్చింది.

అక్వేరియం కింద, అలమరలో దాక్కునే ఫిల్టరు తొట్టే ఈ సంపు. పైతొట్టిలో పొంగిన నీళ్లు పైపులోంచి కిందికి దిగి, స్పాంజీలు, సిరామిక్ రింగుల మధ్య పారి, చివరి అరలోని మోటారుతో మళ్లీ పైకెక్కుతాయి. మంచి ఏర్పాటే, ఎవరూ కాదనరు. కానీ ఈ చేపను పెంచే మనవాడికి ఒకటి ఆనలేదు. ‘ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుంది కదండీ!’ అంటాడు, అణువిద్యుత్ కేంద్రం నడుపుతున్నట్టు.

ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవే అయినా రెండు మోటార్లు ఒకేలా తోడవు. ఒకదాని జాలీకి కాస్త పాచి పడితే చాలు. పైనుంచి దిగే నీళ్లూ రెండు పైపుల్లోకి అన్నదమ్ముల వాటాల్లా సరిసమానంగా విడిపోవు. కాసేపటికి ఒక సంపు ఎండి మోటారు గాలి పీలుస్తూ గరగరమంటుంది, రెండోది అంచు దాటి టైల్స్ మీదికొస్తుంది. దీనికి మందేమిటంటే, రెండింటి అడుగునా లావుపాటి పైపుతో కలపడం. కలిపాక రెండూ ఒకే మట్టంలో ఉంటాయి. అంటే అయ్యగారు రెట్టింపు ఖర్చుతో ఒక్క సంపే కట్టుకున్నారన్నమాట! పైగా ఇప్పుడు ఒకదానికి చిల్లు పడితే రెండూ ఖాళీ. మోటారు ఆగుతుందన్నదే భయమైతే, ఒకే సంపులో రెండు మోటార్లు పెట్టుకుంటే సరిపోయేది. కానీ చూడ్డానికి వచ్చిన చుట్టాలకు అందులో గొప్పేం కనిపిస్తుంది?

కరెంటు పోయిందా, అసలు తమాషా అప్పుడే. పైకి తోసే పైపు మూతి నీళ్లలో మునిగి ఉంటే, అదే పైపు సైఫనై నీళ్లను వెనక్కి లాగుతుంది. నీటిమట్టానికి కాస్త కిందుగా ఆ పైపుకు చిన్న బెజ్జం పెడితే గాలి దూరి సైఫను తెగిపోతుంది. ఇన్వర్టరు గురించి గంటసేపు మాట్లాడే మనిషికి ఈ బెజ్జం గుర్తుండదు. రెండు పైపులుంటే మరచిపోయే బెజ్జాలూ రెండు.

బరువు మాట ఎత్తితే నవ్వుతాడు. ఇళ్ల స్లాబును మామూలుగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక భారానికి డిజైన్ చేస్తారు. రెండడుగుల లోతు నీళ్లంటే అదే చదరపు మీటరు మీద దాదాపు 600 కిలోలు. సంపులు వేరే.

ఇంత చేసీ నీళ్లు బాగుపడతాయా? చేప వదిలే అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. అక్కడితో వాటి డ్యూటీ అయిపోతుంది. మిగిలిన నైట్రేటును మొక్కలు కొంత పీల్చుకుంటాయి, తక్కింది బకెట్‌తో తోడి పారబోయాల్సిందే. ఎన్ని సంపులు వరసగా పేర్చినా అది అందులోనే ప్రదక్షిణాలు చేస్తుంది.

ఈ మాట చెబితే మనవాడు బాగా ఆలోచించి మూడో సంపుకు కొలతలు తీయించాడు, మొక్కల కోసమట. ఇంట్లో బకెట్ పెట్టుకోవడానికి మాత్రం చోటు లేదంటున్నాడు.