సీటు గొట్టం మీద నాలుగు గీతలు

నా సీటు గొట్టాన్ని పైకి లాగి చూడండి, నాలుగు గీతలు కనబడతాయి. బోల్టు బిగించిన చోటల్లా పైపూత గీరుకుపోయి పడినవి. అన్నిటికన్నా పై గీత మా పాప ఒకటో తరగతిది. దాని కిందిది మూడో తరగతి దసరా సెలవులది. మూడోది నాలుగో తరగతి చివర, శనగ నూర్పిళ్లప్పటిది. నాలుగోది పడకుండా ఉండాల్సింది, పడింది. దాని కథ ముందుంది. పిల్లలను గోడకు ఆనించి నిలబెట్టి నెత్తి మీద పెన్సిలుతో గీత గీస్తారు కదా, పండగకు సున్నం వేస్తే ఆ గీతలు పోతాయి. నావి పోవు.

నేను ఇరవై ఇంచుల సైకిల్‌ను. నా కడ్డీ మీద వాలు అక్షరాలతో ‘మౌంటెన్ బైక్’ అని స్టిక్కరు ఉండేది. ఇప్పుడు ‘మౌం’ చినిగిపోయింది. ఊరు కొత్తపల్లె, నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ. పొద్దు పొడిచేది నల్లమల మీద, గూకేది ఎర్రమల వైపు. ఆ రెండు కొండల వరసల మధ్య కుందూ పారే నల్లరేగడి నేల మాది. పేరులో కొండ ఉందన్న మాటే గానీ నేను ఎక్కిన పెద్ద ఎత్తు కాలువ గట్టు.

ఆత్మకథ అన్నాక వంశం సంగతి చెప్పకుంటే వెలితిగా ఉంటుంది. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930ల నాటి లావు టైర్ల పాత సైకిళ్లను ఏరి తెచ్చుకుని, కొండ మీదికి చేర్చి, మట్టిదారిలో కిందికి వదిలేవాళ్లు. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర మొదటి పందెం పెట్టారు. ఆ దారి పేరు ‘రీప్యాక్’. కిందికి దిగేసరికి వెనక చక్రం ఇరుసులోని బ్రేకు కాలిపోయి గ్రీజంతా పొగయ్యేదట. మళ్లీ గ్రీజు కూరితే తప్ప ఇంకో ఆటకు బండి పనికొచ్చేది కాదు. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, టామ్ రిచీ వంటివాళ్లు అక్కడి నుంచే మా జాతిని నిలబెట్టారు. ఇరవై ఏండ్లకు, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మాకూ పందెం పెట్టారు. మన వైపు మాత్రం ఈ వంశానికి ‘రేంజర్ సైకిల్’ అనే పేరు స్థిరపడింది. అది నిజానికి హీరో కంపెనీ వాళ్ల ఒక మోడల్ పేరు. లావు టైరూ తిన్నని హ్యాండిలూ కనబడితే చాలు, ఏ కంపెనీదైనా జనానికి రేంజరే.

కొండ లేకపోతేనేం, రేగడి ఉంది. వాన పడిన మర్నాడు చేని దారిలో నన్ను తొక్కి చూడండి. నాలుగు బారలు పోతామో లేదో, మట్టి టైరును పట్టుకుంటుంది. టైరు తిరిగి దాన్ని మడ్‌గార్డులోకి నెడుతుంది. అక్కడ అది గట్టిగా దట్టించుకుని చక్రాన్ని తిరగనివ్వదు. పాప దిగి, కంది పుల్ల తెచ్చి, టైరుకూ రేకుకూ నడుమ గుచ్చి ముద్దలు ముద్దలుగా రాలుస్తుంది. పది అడుగులకు మళ్లీ అదే పని. చివరికి వాళ్ల నాన్న మడ్‌గార్డులు రెండూ ఊడబెరికి అటక మీద పడేశాడు. అప్పటి నుంచి వానాకాలమంతా పాప చొక్కా వీపున నల్లచుక్కల చార ఒకటి. ఎండాకాలం పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముండ్లు. ట్యూబులో గాలి కన్నా ప్యాచీలే ఎక్కువ.

ఐదో తరగతి సగానికి వచ్చేసరికి పాప మోకాళ్లు హ్యాండిల్‌కు కొట్టుకోవడం మొదలైంది. మలుపు తిప్పాలంటే మోకాలు పక్కకు వంచాలి. తొక్కుతుంటే కప్ప కూర్చున్నట్టు ఉండేది. సీటెక్కించమని నాన్నను పోరింది. సీటు గొట్టం మీద తయారు చేసినవాళ్లే ఒక గుర్తు వేసి పంపుతారు. ఆ గుర్తు ఎప్పుడూ ఫ్రేము లోపలే ఉండాలి. అది బయటికి కనబడిందంటే లోపల మిగిలిన గొట్టం చాలదని అర్థం. మనిషి బరువంతా ఆ పొట్టి ముక్క మీద మీటలాగా పనిచేసి, గొట్టాన్నో ఫ్రేమునో వంచుతుంది. నాన్న ఆ గుర్తు చూసుకోలేదు, రెండంగుళాలు పైకి లాగి బిగించాడు. అదే నాలుగో గీత. మూడో రోజు కాలువ గట్టు దిగుతుండగా ఒక గుంతలో పడ్డాం. గొట్టం వెనక్కి వంగింది, సీటు మూతి ఆకాశం చూసింది, పాప జారి కడ్డీ మీద పడింది. తొడ కమిలి వారం రోజులు నడక వంకర. నాకు సీటు మూతి పగిలింది. ఇద్దరం ఎవరినీ తిట్టుకోలేదు, ఆమె మాత్రం ఏడ్చింది.

ఆ రాత్రి పంచలో పంచాయితీ పెట్టారు.

“ఇరవై ఆరు తెచ్చేద్దాం. ఇంటర్ దాకా చూసుకునే పని ల్యా,” అన్నాడు నాన్న.

జేజినాయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. “ఇరవై ఆరెందుకురా? నా బండి ఇరవై నాలుగే కదా, నాకే సరిపాయె. దానికి ఇరవై చాలు.”

నాకు నవ్వొచ్చింది. ఇద్దరూ అంకెలే చెబుతున్నారు గానీ కొలిచేది ఒకే చోట కాదు. జేజినాయన కాలపు డబల్ బార్ బండ్లకు ఫ్రేము ఎత్తును బట్టి 22, 24 అనేవాళ్లు. ఏ ఫ్రేముకైనా చక్రం 28 ఇంచులే. మా పిల్లల సైకిళ్లకు 20, 24, 26 అన్నది చక్రం కొలత. జేజినాయన 24 పక్కన మా 24 నిలబడితే తల్లి పక్కన దూడ. షాపుల్లో ఈ తికమకతో ఎంతమంది తప్పు బండి ఎక్కించుకుపోతారో.

“మేం నాయన బండి మీద అడ్డతొక్కుడు తొక్కి నేర్సుకోల్యా?” అన్నాడు జేజినాయన. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వేలాడుతూ తొక్కడం. అంటూనే పంచె పైకి లాగి మోకాటి మీది మచ్చ చూపించాడు, గర్వంగా. జేజి చూసి, “ఆ మచ్చ పిల్లకూ కావల్నా?” అంది. మళ్లీ ఆమెకే ఒక ఆశ. “ముందర గవర్నమెంటోళ్లు బడికొస్తా అని హైస్కూలు ఆడపిల్లోళ్లకు సైకిళ్లు ఇచ్చిరి కదా. మళ్లీ ఇస్తారేమో?” ఆరో తరగతికి నాలుగు కిలోమీటర్ల దూరం పోవాల్సిన పిల్ల అంతదాకా ఎట్లా ఆగుతుంది?

నాన్న మాట కొట్టిపారేసేది కాదు. టైలరు దగ్గర గౌను కుట్టించినా, “ఎదిగే పిల్ల, కొంచెం వదులుగా కుట్టుప్పా” అనే ఇండ్లు మావి. గౌను వదులైతే మడిచి కుట్టుకోవచ్చు. సైకిల్‌ను ఎట్లా మడుస్తారు? పక్కింటి పిల్లోడికి ఇదే లెక్కన ఇరవై ఆరు కొన్నారు. వాడి కాలు నేలకు అందలేదు, రెండు మార్లు పడ్డాడు, మూడో మారు ఎక్కలేదు. ఆ బండి ఇప్పుడు గోడకు ఆనుకుని ఉంది, మీద మిరపకాయల గోతాలు. దాని టైర్ల మీద వెంట్రుకలు ఇంకా అరగలేదు. ఆత్మకథ రాస్తే ఒక పేజీ దాటదు.

ఆదివారం నన్నూ టాటా ఏస్‌లో వేసుకుని నంద్యాల పోయారు, పాత బండికి ఏమైనా విలువ కడతారేమోనని. మొదటి షాపులో ఆడపిల్ల అని చూడగానే గులాబీ రంగు, ముందు బుట్ట ఉన్నది దించారు. పాప దాని వంక చూసి నాన్న వంక చూసింది. రేగడిలో ఆ సన్న టైరు ఏమవుతుందో ఆమెకు తెలుసు.

రెండో షాపు భాయి మనిషే వేరు. రేటు చెప్పకముందే, “పాపా, చెప్పులిడిసి గోడకు ఆనుకో,” అన్నాడు. బిల్లు పుస్తకం కాళ్ల నడుమ పైకి ఆనించి పట్టుకోమన్నాడు. పుస్తకం పైఅంచు నుంచి నేలకు టేపు పట్టాడు. పాతికంగుళాలు. ఇరవై ఆరు ఒకటి దించి కడ్డీకి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడమన్నాడు. కాలి మునివేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. ఇరవై నాలుగు తెచ్చాడు. పాదాలు పూర్తిగా ఆనాయి, కడ్డీ పైన రెండు వేళ్ల వెడల్పు ఖాళీ మిగిలింది. “మట్టిరోడ్డులో ఉన్నట్టుండి దిగల్లంటే ఈ సందే కాపాడేది,” అన్నాడు.

తర్వాత సీటు. పెడల్ అడుగుకు తెచ్చి మడమ పెట్టమన్నాడు. కాలు తిన్నగా చాచుకునే ఎత్తులో సీటు బిగించాడు. ముందు పాదంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది, నొప్పి రాదు. ఆ తర్వాత బ్రేకు పట్టుకోమన్నాడు. పాప వేళ్ల కొసలు మాత్రమే అందాయి. లివరు దగ్గర బుల్లి స్క్రూ ఒకటుంటుంది, తిప్పితే లివరు హ్యాండిల్ దగ్గరికి వస్తుంది. దాన్ని నాలుగు చుట్లు తిప్పాడు. ఇన్నేండ్లూ నాకూ ఆ స్క్రూ ఉంది. ఎవరూ తిప్పలేదు.

వెనక షాకు ఉన్నదాన్ని నాన్న వేలితో చూపించాడు. భాయి దాన్ని ఒంటిచేత్తో లేపి చూడమన్నాడు. నాన్న రెండు చేతులు వేశాడు. “ఈ స్ప్రింగు కదలల్లంటే మనలాంటోళ్ల బరువు పడల్ల అన్నా. ఈ పాప కూసుంటే కదలదు, ఉట్టి మోత.” గేర్లూ వద్దన్నాడు, గట్టు ఎక్కడానికి ఒకటి చాలని. అక్కడ నేను ఒప్పుకోను. ఎదురుగాలిలో నాలుగు కిలోమీటర్లు తొక్కేది ఆయన కాదు. వెనక ఏడు గేర్లున్నది పాప పట్టుబట్టి తీసుకుంది. సరైన పనే చేసింది.

“ఇరవై నాలుగైతే మూడేండ్లకు మళ్లీ మార్చల్ల కదా భాయ్,” నాన్న చివరి బాణం.

“మూడేండ్లు తొక్కుతుంది కదన్నా,” అన్నాడు భాయి.

జేజినాయన ఆ కొత్తదాని సీటు మీద చెయ్యి వేసి, “ఇరవై నాలుగంటే ఇదా!” అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

నా విలువ అడిగితే భాయి చెప్పిన మొత్తానికి పాప తల అడ్డంగా ఊపింది. అందుకని నేనూ అదే బండిలో ఊరికి తిరిగొచ్చాను, కొత్తదాని పక్కనే పడుకుని. దాని సీటు గొట్టం మీద ఒక్క గీత కూడా లేదు.

వంగిన గొట్టాన్ని భాయి సాపు చేసి ఇచ్చాడు. ఫ్రేము చీలలేదు, అదృష్టం. నిన్న పాప వాళ్ల చిన్నాయన కొడుకు వచ్చాడు, ఒకటో తరగతి. పాపే స్పానరు తెచ్చి బోల్టు వదులు చేసి, సీటును పై గీత దాకా దించి బిగించింది. వాడి రెండు పాదాలూ నేలకు ఆనాయి.