కులెబ్రీతా ఇటుక

పాత లైట్‌హౌస్‌లంటే నాకు చెప్పలేనంత ఇష్టం. ప్యూర్టోరికోలో రోడ్డు మీద వెళ్లగలిగినవన్నీ ముందు చూశాను: శాన్ హువాన్‌లో ఎల్ మోరో కోట మీదిది, ఫహార్దోలోది, కాబో రోహోలో కొండచరియ అంచున నిలబడ్డది, ఇంకా మిగతావి. పడవ మీద తప్ప చేరలేనివి మిగిలాయి. వాటిలో కులెబ్రీతా దీవి మీదిదాని మీద మనసు పడింది. సెయిబా రేవు నుంచి ఫెర్రీలో కులెబ్రా దీవికి వెళ్లి, అక్కడ ఒక చిన్న మోటారు పడవ మాట్లాడుకున్నాను. కులెబ్రీతా మీద మనుషులెవరూ ఉండరు. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలు, ముళ్లపొదలు, కొండ మీద ఆ కట్టడం, అంతే.

ఒడ్డున దింపుతూ పడవాయన ఒకే మాట చెప్పాడు. "కంచె దాటకండి. గోడలు బలంగా లేవు."

దాటాను.

ఎందుకు దాటానో నిజం చెప్పాలి. ఆ గోడల చరిత్ర నాకు తెలుసు. స్పెయిన్ ఏలుబడిలో 1882లో పని మొదలై 1886లో పూర్తయింది. 1898లో దీవి అమెరికా చేతికి వచ్చినా దీపం ఆగలేదు, 1975 దాకా ఓడలకు దారి చూపింది. కులెబ్రా జనం ఏళ్ల తరబడి పోరాడి అమెరికా నేవీ ఫిరంగుల అభ్యాసాన్ని మాన్పించిందీ ఆ ఏడే. తర్వాత 1989లో హ్యూగో, 1995లో మారిలిన్ తుఫాన్లు ఆ కట్టడాన్ని దెబ్బతీశాయి. ఇదంతా చదివి ఇంత దూరం వచ్చినవాణ్ణి, కంచె తెలియనివాళ్ల కోసం, నాకు కాదు అనుకున్నాను. నా మూర్ఖత్వమంతా అదే. ఇష్టాన్ని హక్కు అనుకున్నాను.

లోపల కప్పు లేదు. దీపం కాసేవాళ్లు కాపురమున్న గదుల్లో మొక్కలు మొలిచాయి. ఒక కిటికీ దగ్గర ఇటుక వదులుగా కనిపించింది. కింద పడింది కాదు, గోడలో ఉన్నదే. కదిలించాను, ఊడివచ్చింది. దాని వెనక నుంచి సున్నం పొడి జలజలా రాలింది. అప్పుడైనా చెయ్యి వెనక్కి తీసుకోవలసింది. సంచిలో వేసుకున్నాను.

తిరుగు పడవలో దాన్ని తీసి ఆయనకు గొప్పగా చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "తుఫాను తీసుకెళ్లగా మిగిలింది మీలాంటి ఇష్టమున్నవాళ్లు తీసుకెళ్తున్నారు." వెనక్కి తిప్పమని అడిగాను. అల లేచింది, కుదరదన్నాడు. ఇటుక ఆయన చేతిలో పెట్టాను. ఈసారి వెళ్లినప్పుడు పెడతానన్నాడు. పెట్టినా అది గోడలో భాగం కాదు. సున్నం రాలిపోయిన ఖాళీలోకి వాననీరు దిగుతుంది, పైనున్న బరువు పక్క ఇటుకల మీద పడుతుంది. ఆ పని చేసింది తుఫాను కాదు, నేను.

కులెబ్రీతా వన్యప్రాణి రక్షిత ప్రాంతం. అక్కడి చారిత్రక వస్తువు ఏది తీసుకున్నా చట్టప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ లైట్‌హౌస్‌ని మళ్లీ నిలబెట్టుకోవాలని ఆశపడే కులెబ్రా వాళ్లకు ప్రతి ఇటుకా కావాలి. మీరెప్పుడైనా అటు వెళ్తే కొండెక్కండి, కంచె బయట నిలబడి తనివితీరా చూడండి, ఖాళీ చేతులతో దిగి రండి.