ద్విగుణ సూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము: “పోతే డబుల్ గొట్టు తమ్మీ! ఒక్కపారి తగిల్తే అన్నీ ఎన్కకొస్తయ్.”

అవతారిక: ఈ సూత్రకర్త పేరు తెలియరాదు. జహీరాబాదు నుండి బీదరు పోవు బస్సులో వెనుక సీటు నుండి వినవచ్చినది. 1956 దాకా ఆ రెండూళ్లదీ ఒకే జిల్లా. రాష్ట్రములు వేరైనను సూత్రము ఉమ్మడిగనే మిగిలినది. ప్రస్తావన అందర్ బాహర్. నడుమ ఒక ముక్క తెరచి, లోపలికొకటి బయటికొకటి వేయుచు పోగా, దాని జోడీ ఏ పక్క పడునో ఆ పక్కది గెలుపు. క్యాసినోలలో దీనికి దగ్గరి చుట్టము బాకరా. అందు ప్లేయరు, బ్యాంకరు అని రెండు పక్షములు. తొమ్మిదికి దగ్గరైనది గెలుచును. (పేరు ‘బకరా’ వలె వినబడుట యాదృచ్ఛికము.) రెంటను ఆడువాడు చేయునది పక్షము నెన్నుకొనుటయే. పాండిత్యమంతయు పందెము పెంచుటలోనే చూపవలెను.

ప్రతిపదార్థము:

పోతే = పోయినచో; కర్తృపదము లేదు. ‘నూరు రూపాయలు’ అని అధ్యాహారము. ఆట ముదిరినకొలది ‘జీతము’, ‘బండి’, ‘పుస్తెలతాడు’ అని అధ్యాహారము మారుచుండును. క్రియ మారదు.

డబుల్ గొట్టు = రెట్టింపు పెట్టుము; ‘కొట్టు’ ‘గొట్టు’ అగుట గసడదవాదేశము. పరుషము సరళమైనది, ఫలితము మాత్రము పరుషమే.

తమ్మీ = ఓ తమ్ముడా; వినువాడు ఇదివరకే ఓడెనని ధ్వని. గెలిచినవానికి ఉపదేశముతో పనిలేదు.

ఒక్కపారి = ఒక్కసారి; ఎన్నవసారియో చెప్పలేదు. సూత్రకర్త గడుసుదనమంతయు నిచ్చటనే.

తగిల్తే = తగిలినచో; శ్లేష. గెలుపును తగులును, దెబ్బయు తగులును.

అన్నీ = పోయినవన్నియు; ఆక్షేపము ముందు రాగలదు.

ఎన్కకొస్తయ్ = వెనుకకు వచ్చును; భవిష్యదర్థము. భూతకాలమున ప్రయోగము అరుదు.

పాఠాంతరము: “వస్తే డబుల్ గొట్టు” అని కొందరు. దీనిని పరోలీ యందురు. ఇందు ఎక్కువగా పోవునది గెలిచిన సొమ్మే కనుక గాయము చిన్నది. మూలపాఠమునకు ఐరోపావారి పేరు మార్టింగేల్.

పూర్వపక్షము: ఎంతటి దురదృష్టవంతునికైనను ఎప్పుడో ఒకప్పుడు గెలుపు రాక తప్పదు కదా?

సమాధానము: తప్పదు. అందాక జేబు నిలువవలెను. నూటితో మొదలిడి 200, 400, 800, 1,600, 3,200, 6,400, 12,800 పెట్టినచో ఎనిమిది పందెములకు 25,500. ఆట సరిగ్గా సగము సగమనుకొన్నను, సగటున 256 వరుసలలో ఒకటి ఎనిమిదింటికి ఎనిమిదియు పోవును. తక్కిన 255 వరుసలలో నూరేసి వచ్చినది 25,500. ఆ ఒక్క వరుసలో పోయినదియు 25,500. సరికి సరి. కనుక రెట్టింపు వలన నష్టము తగ్గలేదు. చిల్లరగా పోవలసినది మూటగట్టుకొని ఒక్క రాత్రి పోవును. పైగా క్యాసినో బల్లపై పందెమునకు పైహద్దుండును. డబ్బున్నవానికిని ఒకానొక మెట్టున పెట్టుటకు చోటుండదు.

విశేషము: బాకరాలో బ్యాంకరు పక్షము, సమముగా తేలిన ఆటలు తీసివేయగా, నూటికి 50.68 సార్లు గెలుచును. అందుచేత ఆ గెలుపుపై నూటికి ఐదు క్యాసినో పట్టుకొనును. బ్యాంకరుపై ఐదు పందెములు వరుసగా పోయినవి: మొత్తము 3,100. ఆరవది 3,200. తగిలినది! చేతికి వచ్చిన లాభము 3,040. గెలిచియు అరువది రూపాయలు నష్టము. ‘అన్నీ’ అను పదమునకు ఇచ్చట భంగము.

ఈ ఐదు నేటిది కాదు. బీదరు జిల్లాలోని బసవకల్యాణమే నాటి కల్యాణి. అచ్చటి చాళుక్యరాజు ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) ఆస్థానమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను టీక వ్రాసెను. కేతన దానిని ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించెను. ఆ స్మృతిలో ద్యూతమునకు ఒక ప్రకరణమున్నది. జూదశాల నడుపు సభికుడు, నూరును ఆపైని గెలిచినవాని వద్ద నూటికి ఐదు, తక్కినవారి వద్ద పది తీసికొనవలెను. రాజు వాటా రాజునకీయవలెను. నేడు రాజు వాటా బదులు 1963 నాటి కర్ణాటక పోలీసు చట్టము వచ్చినది. సభికుని లెక్క మాత్రము చెక్కుచెదరలేదు. నూరు గెలిచినవాడు ఐదిచ్చును. 3,200 గెలిచినవాడు నూటయరువది. రెట్టింపు పెట్టువాడు పెంచునది సభికుని జీతము.

తాత్పర్యము: తమ్మీ, పోయినది పోయినదే. దానిని వెదకబోవునది దానికి రెండింతలు.

ఫలశ్రుతి: బీదరు బస్టాండులో దిగుటకు ముందు సూత్రకర్త తిరుగు చార్జీ లెక్కపెట్టి, మడిచి, బనియను లోపలి జేబులో వేరుగా దాచుకొనెను. అన్నీ వెనుకకు వచ్చునను సూత్రమునకు స్వయముగా కర్త వ్రాసికొన్న టీక అదియే.